ఓడలు కనబడే బల్ల

పందొమ్మిది వందల యాభైలలో బొంబాయి రేవు దగ్గర ఒక ఇరానీ హోటల్లో ఆమెను చూశాను. పేరు అడగలేదు. మా సోలాపూర్‌లో తెలుగు నేతగాళ్లుండే మగ్గాల పేట మనిషని మాటను బట్టే తెలిసింది. నేను కూర్చున్న బల్ల పక్క కిటికీలోంచి ఓడలు కనబడుతున్నాయి. ఆమె, భర్త నా ఎదుట కూర్చోబోతుంటే వెయిటర్ వచ్చి, ఆడవాళ్లు పరదా వెనక గదిలోనే తినాలన్నాడు.

"జర లోపలికి నడువే, అందరు చూస్తుండ్రు," అన్నాడు భర్త.

"చూడనీ. ఓడలు చూసుకుంట తిందామనే గదా ఇంత దూరమొచ్చిన! లోపలేం కనబడ్తది, నీ మొకమా? అది ఇంట్ల రోజు చూస్తనే ఉన్న."

స్త్రీ స్వేచ్ఛ గురించి చెబుదామని నేను గొంతు సవరించుకునేలోపే, ఆమె వెళ్లి ఆ పరదా అంచు వేళ్లతో నలిపి చూసింది.

"ఇది మా సోలాపూర్ బట్టనే బాబా! నేసినోళ్లనే దీని ఎనక దాస్తవా?" అని హిందీ, తెలుగు కలిపి వెయిటర్‌ను నిలదీసింది.

గల్లా దగ్గరి ఇరానీ ముసలాయన పగలబడి నవ్వి, ఎక్కడైనా కూర్చోమని చేయి ఊపాడు. ఆమె వచ్చి కూర్చుంది, బన్ను చాయ్‌లో ముంచింది, కిటికీ వైపు మెడ చాచింది.

"అన్నా, జర జరుగు. నీ తలకాయ ఓడకు అడ్డమొస్తున్నది."

ఎన్నో సభల్లో నిలబడి మాట్లాడాను గాని, అంత సంతోషంగా ఎన్నడూ పక్కకు జరగలేదు.