కుర్చీ పచ్చిగుంది మేడమ్

మొన్న ముసురు పట్టిన రోజు, మా మనవరాలు నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో ఇంగ్లిష్ ఆట ఆడుతూ, ఆరీ ఆరని తువ్వాలును మాయిస్ట్ అనాలా, డ్యాంప్ అనాలా, హ్యూమిడ్ అనాలా అన్న ప్రశ్నకు, నేను కళ్లజోడు వెతుక్కునేలోపే డ్యాంప్ మీద వేలు పెట్టి ముందుకు పోయింది. ఆ మూడు మాటల కోసం నేను పడ్డ తిప్పలు నా ఈడువాళ్లకైతేనే అర్థమవుతాయి.

అప్పుడు నేను డిగ్రీ ముగించి మెదక్‌లో అక్కాబావల దగ్గర ఉంటున్నాను. కొత్తగా పెట్టిన ఒక ఇంగ్లిష్ మీడియం బడి నుంచి టీచర్ కొలువుకు పిలుపు వచ్చింది. ఆ కొలువు రాకపోతే మూటాముల్లె సర్దుకుని టేక్మాల్ బస్సెక్కాల్సిందేనని బాపు కబురు పంపాడు, బాపు అన్నాడంటే అన్నట్టే. ఊరికి పోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు, అందులో దాచేదేముంది.

ఇంగ్లిష్ అంటే మోజున్న మా బావ రోజూ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, నెమ్ము పట్టిన గోడ డ్యాంప్, ఉక్కపోసే గాలి హ్యూమిడ్, మెత్తని కేకు మాయిస్ట్ అని వల్లె వేయించేవాడు. నేనెరిగిన కేకులన్నీ బస్టాండ్ దగ్గరి బేకరీవి, నీళ్లు తాగితే గాని గొంతు దిగనివి, కాబట్టి ఆ మూడో మాట నా బుర్రకెక్కనే లేదు. దీనికి చెప్పేకన్నా గోడకు చెప్పడం నయమని బావ విసుక్కుంటే, ఆ గోడ కూడా డ్యాంపే కదా అని అక్క నవ్వేది.

ఇంటర్వ్యూ నాడు కూడా ఇలాంటి ముసురే. కోస్తా నుంచి వచ్చిన ప్రిన్సిపల్ మేడమ్ గంజిపెట్టిన తెల్లచీరలో, జల్లు కొట్టి తడిసిన కిటికీ పక్క కుర్చీలో కూర్చోబోయింది. నేర్చుకున్నదంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది.

“మేడమ్, డోంట్ సిట్. చెయిర్ ఈజ్ రా!”

ఆమె ఆగిపోయి, కుర్చీ పచ్చిగా ఉండటమేమిటమ్మా అని అడిగింది. నా పని అయిపోయిందనుకున్నాను, టేక్మాల్ బస్సు కళ్ల ముందు కనబడింది. ఇంక పోయేదేముందని మా భాషలోనే చెప్పేశాను.

“మా దిక్కు తడిసినయన్ని పచ్చే మేడమ్. బట్టలు పచ్చి, కట్టెలు పచ్చి, మామిడికాయ పచ్చి, మానని పుండు గూడ పచ్చే.”

మరి మీ వైపు పిల్లలు పరీక్షల్లో ఇలాగే రాస్తారా అని ఆమె అడిగితే, రాస్తరు మేడమ్, నేను గూడ రాసిన అన్నాను. ఆమె చాలాసేపు నవ్వి, పిల్లలు ఎక్కడ తప్పుతారో తెలిసినదానివి నువ్వే ఉన్నట్టున్నావు, సోమవారం నుంచి రమ్మంది. ఆ సోమవారం నుంచి రిటైరయ్యేదాకా, పచ్చి అంటే రా ఒక్కటే కాదని మెదక్ పిల్లలకు చెబుతూనే ఉన్నాను.

ఇదంతా తలుచుకుంటూ వరండాలోకి పోయి దండెం మీది యూనిఫాం ముట్టుకుని చూసి, ఇంక పచ్చిగనే ఉంది బిడ్డా అన్నాను. మనవరాలు వచ్చి చూసింది.

“పచ్చగా ఎక్కడుంది అమ్మమ్మా? బ్లూ కదా.”

నవ్వొచ్చింది, వెనకే మనసు చివుక్కుమంది. ఇంత బతుకునిచ్చిన మాట నా ఇంట్లోనే లేకుండా పోయింది. వివరించబోయి, ఎలా చెప్పాలో తోచక, డ్యాంప్ అన్నాను. వెంటనే అర్థమైంది పిల్లకు.