మొఘల్‌పురా డాబా మీద డ్రాసెరా పూసిన పొద్దు

పురుగులను పట్టి తినే డ్రాసెరాను చూడాలంటే పీట్ నేలలకు, అంటే నాచు సగం కుళ్లి పేరుకున్న నల్లటి బురదకు వెళ్లాలని చదివాను. 2007 వానాకాలంలో అది పాతబస్తీలోనే మొగ్గ తొడిగిందని శేషగిరి గారు ఫోన్ చేశారు. ఆయన వృక్షశాస్త్రం లెక్చరర్, గుంటూరు వైపు మనిషి. మొఘల్‌పురాలో పాలవ్యాపారం చేసే బాలమ్మ ఇంట్లో, పైవాటాలో అద్దెకుండేవారు. ఆయన తెప్పించిన పీట్‌లో నాటినవాటిలో ఆ ఒక్కటే మిగిలింది. అది గింజ కడితేనే మళ్లీ మొక్కలు.

పువ్వు ఎండకు విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుందట. ఎనిమిదికే సైదాబాద్‌లో ఆటో ఎక్కాను, నలభై రూపాయలు. పువ్వు చూడ్డానికంటే డ్రైవర్ నవ్వాడు. "పువ్వులకైతే జాంబాగ్ మార్కెట్‌కు పోవాలె గదన్నా, ఉల్టా పోతున్నవ్."

డాబా మీద తొట్టిలో రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్క. ఆకుల నూగు చివర జిగురు బొట్లు. సన్నటి కాడ మీద తెల్లటి పువ్వు అప్పుడే విప్పుతోంది. నేను మోకాళ్ల మీద వంగి చూస్తున్నాను. బాలమ్మ చెంబుతో పైకి వచ్చింది.

"కొత్త చెట్టు పూస్తే మొదట్ల పాలు పోస్తం సారూ. మా ఇంటి ఆనవాయితీ."

శేషగిరి గారు తొట్టికి చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు బాలమ్మ గారూ, నేలలో బలం ఎక్కువైతే ఇది చచ్చిపోతుందండి. కుళాయి నీళ్లు కూడా పొయ్యను, వాననీళ్లే."

"పాలు పడని చెట్టేంది? మీ ఆంధ్రోళ్ల లెక్కనే ఉన్నది, అన్నిటికి నఖ్రాలు."

ఆమె చెంబు వంచబోయింది. దాని మీద ముసిరిన ఈగల్లో చిన్నదొకటి ఆకు మీద వాలి అంటుకుపోయింది. దగ్గరి నూగు మెల్లగా దానివైపు వంగింది. బాలమ్మ చెయ్యి ఆగింది.

"మా బర్ల పాకల ఈగల్ని తింటదా?"

"దాని తిండి అదేనండి."

"మరి గట్ల చెప్పవేంది సారూ? తిండి మేమే పెడుతున్నమన్నట్టు." చెంబు పక్కన పెట్టి మెట్ల దగ్గరకెళ్లి కోడలికి కేకేసింది. "పాలు పట్కొని ఎవ్వరు పైకి రావొద్దు. సారూ, గింజలైతే నాకొక తొట్టి."

చేతికి ఎముక లేని ఇంట్లో ఏమీ పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో ఆ పొద్దు చూశాను. కొన్ని వారాలకు గసాల కన్నా సన్నటి గింజలు వచ్చాయి. ఒక పొట్లం బాలమ్మకు చేరింది. ఇలాంటి మొక్కను చూడబోయేవారు ఎండ కాసే రోజున తొమ్మిదికల్లా చేరండి. మిఠాయి బదులు వాననీళ్ల సీసా తీసుకెళ్లండి.