బస్సెక్కిన పడవ కథ

ఆ రోజుల్లో ఖతర్‌లో నిద్రపోయే క్రేను కనిపించేది కాదు. ప్రపంచ కప్పు వస్తోందని దేశమంతా తవ్విపోశారు. నలభై దాటాక తొలిసారి సముద్రం దాటిన నేను గల్ఫ్ లెక్కన పసివాణ్ణి; ఒక క్యాంపులో టైమ్‌కీపర్ని. కార్మికులను తెల్లవారుజామునే బస్సెక్కించి స్టేడియం సైటుకు వేళకు చేర్చడం నా పని. (అన్నీ వేళకు జరగాలన్న జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. దానికి మందు లేదని మా ఆవిడ తేల్చేసింది.)

మా వాళ్లలో ఎక్కువమంది ఆదిలాబాద్ సరిహద్దు ఊళ్ల వాళ్లు. వాళ్లకు ఏటి తాతంటే ప్రాణం. ఏటికి ఇవతల తెలుగులో, అవతల మరాఠీలో కథలు పాడి, రెండు ఒడ్లనూ ఏడిపించి నవ్వించి పోయిన కవి ఆయన. కథ ఎత్తితే మంగళం పాడేదాకా ఆపకూడదని ఆయన నియమం. ఓసారి అరుగు మీదికి వరదొస్తే, వినేవాళ్లను మిద్దె ఎక్కించి మరీ ముగించాడట. ఆయన శిష్యుడే మా సెంట్రింగ్ మేస్త్రి. అందరికీ కథల మామ.

తాత వర్ధంతినాడు డ్యూటీకి ముందు అరగంట పడవవాడి కథ పాడుకుంటానని మామ అడిగితే సరేనన్నాను. వంతపాడేవాడు జ్వరంతో పడుకున్నాడు. ప్రతి పాదం చివరా 'తందాన' అనడమే కదా అని నన్ను కూర్చోబెట్టారు. పెళ్లికూతురు ఎక్కిన పడవ ఇంకా నడి ఏట్లో ఉండగానే బయట బస్సు హారన్ మోగింది.

"మామా, ఆపెయ్. ఆలస్యమైతే నా ఉద్యోగం ఊడుతుంది."

"నడిమిట్ల ఇడిశిపెడితే ఆ పిల్ల ఏట్లనే ఉంటది సారు. తాత ఊకుంటడా? నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది."

"వంతోడు లేశిపోతే పాపం ఆయనకు సుత తాకుతది" అని వెనకనుంచి ఎవరో నన్ను భయపెట్టారు.

చివరికి కథనే బస్సెక్కించాం. డ్రైవరు పక్కన నిలబడి మామ పాట, చేతిలో టిఫిన్ డబ్బా వాయిస్తూ నా తందాన. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఏట్లో అల లేచినట్టు అందరూ "ఓ" అనేవారు. వెస్ట్ బే అద్దాల మేడల నడుమ మా పడవ ఒడ్డుకు చేరింది; అంతలో ఏసీ గాలికి మామ గొంతు కాస్తా పూడుకుపోయింది. మంగళం మిగిలే ఉంది. సైటు గేటు దగ్గర ఈజిప్టు ఇంజినీరు వాచీ చూసుకుంటున్నాడు.

మామ నా భుజం పట్టుకుని, "నువ్వే సారు. వంతోడు పాడినా చెల్లుతది" అని గుసగుసలాడాడు.

స్నానాల గదిలో కూడా కూనిరాగం తీయనివాణ్ణి, బస్సు దిగి, హెల్మెట్ తిరగేసి, అందులో మొబైల్ లైటు వెలిగించి, హారతి తిప్పుతూ మంగళం ఎత్తుకున్నాను. శ్రుతి సంగతి అడక్కండి. నలభైమంది హెల్మెట్లు తీసి, చేతులు కట్టుకుని, తలలు వంచి విన్నారు. పాట అయ్యాక, తెలుగు ముక్క రాని ఇంజినీరు నా చేయి పట్టి ఊపేశాడు. పొద్దున్నే చెప్పే సేఫ్టీ పాఠాన్ని ఇంత శ్రద్ధగా వినడం తానెప్పుడూ చూడలేదట. ఇకమీదట రోజూ ఇలాగే చెప్పాలట. నేను నోరు తెరిచేలోగా వెనక నలభై గొంతులూ ఒక్కసారిగా "తందాన" అన్నాయి.

(ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఒక్క ముక్కే: బస్సు వేళకు చేరింది.)

ఇప్పుడు ఊరికి తిరిగొచ్చాక, మా కాలనీ భజనలో ఒక్క చరణం అందుకోమంటే గొంతు బాగాలేదని తప్పుకుంటాను. ఎడారి పొద్దులో హెల్మెట్ తిప్పుతూ గొంతెత్తిన ఆ మనిషిని తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ఈర్ష్య కూడా కలుగుతుంది.