చక్రానికి అడ్డం పెట్టిన కాలు

స్ట్రెచర్ చక్రం కీచుమంటే చాలు, నేనెక్కడున్నా లేచి నిలబడతాను. నిన్న ఆదోనిలో మా ఆసుపత్రి వరండాలో మళ్లీ ఆ చప్పుడే. వెంటనే నాగవేణి మేడం గుర్తొచ్చారు. ఆస్పరి మనిషి, అప్పట్లో మా పెద్ద డాక్టరు. గొంతు విప్పితే వార్డు ఆ చివరిదాకా వినిపించేది. ఆమె దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఈనాటికీ గొప్పే.

నేను డాక్టరుగా కొత్తగా చేరిన ఏడాది ఫ్లూ జోరుగా ఉంది. ఎమ్మిగనూరు నుంచి ఒక నేత కుటుంబం వాళ్ల కోడలు సరోజను తీసుకొచ్చింది. నెలలు నిండిన మనిషి, ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి అందడం లేదు. క్యాజువాలిటీ వాళ్లు మాస్కు కట్టి కాన్పుల వార్డుకు పంపారు. “ఈడ బాలింతలుండారు, అంటుకుంటాది” అని వాళ్లు మా జ్వరాల వార్డుకు తోశారు. “నొప్పులొస్తే ఈడ ఎవరు చూస్తారు?” అని మా వాళ్లు మళ్లీ వెనక్కి. ఎవరి భయం వాళ్లకు న్యాయమే, కానీ తల్లీబిడ్డల ప్రాణం వరండాలో ఊగుతోంది. “యాడికని తిప్పుతారప్పా? నా కోడలు సచ్చిపోతాది!” అని అత్త గుండెలు బాదుకుంది.

అప్పుడొచ్చారు మేడం. వస్తూనే చక్రానికి కాలు అడ్డం పెట్టారు. “నిలపండి! ఈ యమ్మ యాడికీ పోదు, ఈ పక్క గదిలోనే ఉంటాది. తిరగాల్సింది మనం.” టెస్టు రిజల్టు రాలేదని నేను నసిగాను. “వచ్చేదాంక ఫ్లూ ఆగుతాదేమప్పా? ముందు మాత్ర ఎయ్యి!” అన్నారు. ఆక్సిజన్ పెట్టాం. కాన్పుల డాక్టరమ్మ, పిల్లల డాక్టరు ఆ గదికే వచ్చారు. మేడం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చూడ్డానికి వచ్చిన చుట్టాలందరినీ అటునుంచి అటే పంపేశారు.

సరోజకు ఊపిరి కుదుటపడింది కానీ, జ్వరం పూర్తిగా దిగకముందే ఆడపిల్ల పుట్టింది. రోగం పాలల్లో పోతుందేమోనని అత్త పాపను ఎత్తుకుని దూరం జరిగింది. “పాలల్లో ఏం పోదమ్మా. చేతులు కడుక్కోని, మాస్కు కట్టుకోని ఇయ్యమను” అన్నారు మేడం. పాప చప్పరిస్తుంటే, అందరినీ హడలెత్తించే ఆ మనిషి కొంగుతో కళ్లొత్తుకున్నారు. అబ్బ, ఆ క్షణంలో మా ఆసుపత్రిని చూసి నాకెంత గర్వంగా అనిపించిందో!

నిన్నటి స్ట్రెచర్ మీద తుంటి ఎముక విరిగిన గూడూరు పెద్దాయన ఉన్నాడు. పైగా ఫ్లూ. ఎముకల వార్డు వద్దందట. “యాడికి తీసుకుపోదాం సార్?” అని కొత్తగా చేరిన డాక్టరు అడిగాడు. నేనింకా నోరు తెరవనేలేదు, నా కాలు అప్పటికే చక్రానికి అడ్డం పడింది.