కల్లు దిగే వేళ

1952లో నాకు రాజోలు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పోస్టింగు వచ్చింది. పైన డాక్టరుగారు, కింద ఒక ఆయా, మధ్యలో నేను. కట్లు, ఇంజక్షన్లు, పురుళ్లు, రోగిని ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పడం, అన్నీ నా పనే. ఈ చివరి పని గురించే చెబుతాను, వినండర్రా.

అప్పటికి మద్యనిషేధం ఉంది. దుకాణాలు మూతపడ్డాయి కానీ కల్లు ఆగలేదు. తోటల చాటుకి, గోదావరి లంకల్లోకి పోయింది. అక్కడ తాగినవాళ్లు చివరికి మా వార్డుకి వచ్చేవారు.

సూర్రావు మేస్త్రి పడవలు కట్టే వడ్రంగి. పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి మూడోసారి చేరాడు. పొట్టలో నీరు తీశాం. వణుకు తగ్గింది. ఇంకోసారి తాగితే ఈ మనిషి దక్కడని డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి చెప్పారు. నేను వెళ్లి మేస్త్రి భార్య మంగమ్మకి చెప్పాను. ఆవిడ ఏడవలేదు. అలిసిపోయిన గొంతుతో అంది:

"పోయినసారీ ఇదే చెప్పేరు కదండీ. సాయంత్రం కల్లు దిగే వేళకి ఆయన కాళ్లు వాటంతటవే తోటలోకెళ్లిపోతాయండి. గుంజకి కట్టేయమంటారా?"

తాగుడు మానేసినవాళ్లు కొందరు ఎక్కడో చేరి కూర్చుంటారని విన్నానంది. "ఆడదాన్ని, నాకెవరు చెప్తారండి? మీరడగండి నర్సమ్మగారూ."

మేస్త్రికి ఇంకో వారం మంచం ఇమ్మని డాక్టరుగారిని అడిగాను. వారమే, ఆపైన కుదరదన్నారు.

మీరుండే చోట ఇలాంటి సమావేశాలు ఎక్కడ జరుగుతాయో ఎవరినడిగినా చెబుతారట. అప్పుడు అలా కాదు. డ్యూటీ దిగి రేవుకి వెళ్లి పడవవాణ్ణి అడిగాను. "మనూళ్లో తాగేవోళ్లే లేరండి, ఇంక మానేసినోళ్లెక్కడుంటారండి?" అన్నాడు. అంటుంటే నోట్లోంచి పులిసిన కల్లు వాసన వచ్చింది. పాదిరిగారు భజన వాళ్లని అడగమన్నారు. భజన వాళ్లు పాదిరిగారిని అడగమన్నారు. నాకు సంగతి మెల్లిగా తెలిసింది. తాగేవాణ్ణని ఒప్పుకుంటే, ఎవడు పోశాడో చెప్పమని పోలీసులు ఇంటికొస్తారు. అందుకే అక్కడ తాగడం ఎంత చాటో, మానడమూ అంత చాటే. పైగా నా తెల్లచీర చూస్తే నేను సర్కారు మనిషినని అందరికీ అనుమానం.

వారం అయిపోవస్తుండగా దర్జీ యోసేపు అరచేతులకి మందు రాయించుకోడానికి వచ్చాడు. ఆయనా ఒకప్పుడు తాగి జబ్బుపడి, సూర్రావు పడుకున్న వార్డులోనే పడుకుని వెళ్లినవాడు. చేతులు చూస్తే సూదిపోట్లు కావు, కొబ్బరి పీచు కోసిన గీతలు. తాడు పేనేవాళ్లకి పడే కోతలు అవి.

"ఏం యోసేపూ, జాకెట్లు తాళ్లతో కుడుతున్నావా?" అన్నాను.

"గట్టిగా అనకండమ్మగారూ," అని తలుపు వైపు చూశాడు. మానేసినవాళ్ల జాడ ఈయనకి తెలుసనిపించి, సూర్రావు సంగతి అంతా చెప్పాను. "ఆయ్, తీసుకురండి. తెల్లచీర మార్చుకు రండి," అన్నాడు.

మర్నాడు సాయంత్రం మంగమ్మా నేనూ మేస్త్రిని చెరో పక్కన పట్టుకుని కొబ్బరితోటలో ఒక పాక దాకా నడిపించాం. లోపల మగవాళ్లు జంటలుగా తాడు పేనుతున్నారు. ఒకడు కొస పట్టుకుని మెలి తిప్పుతుంటే, రెండోవాడు పీచు అందిస్తూ వెనక్కి నడుస్తాడు. ఉపన్యాసం లేదు, ప్రార్థన లేదు. సరిగ్గా కల్లు దిగే వేళకి మొదలెట్టి, చీకటి పడి ఆ వేళ దాటిపోయేదాకా కూర్చుంటారు. సూర్రావుని కొస దగ్గర కూర్చోబెట్టారు. ఆయనకి జత వీరన్న, ఒకప్పుడు కల్లు గీసి, ఆ కల్లే తాగి చెడినవాడు.

"ఏం మేస్త్రీ, మేకులు కొట్టే చెయ్యి, తాడుకి వణుకుతుందేటి?"

"నోర్మూసుకుని పీచియ్యి."

కొంతసేపటికి చెట్టు మీంచి కల్లు ముంత దింపుతున్న చప్పుడు వినిపించింది. సూర్రావు చెయ్యి ఆగిపోయింది. నుదుటి నిండా చెమట. "నే ఎల్తాను," అన్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. నాతో బయటే నిలబడ్డ మంగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎల్లు," అన్నాడు వీరన్న. "నువ్వు కొస వదిలేత్తే ఇందాకట్నించి నే పేనిందంతా ఇప్పుకుపోద్ది. నా ఉసురు తగుల్తాది నీకు."

పాకలో నవ్వులు. సూర్రావు వీరన్నని నేను ఇక్కడ చెప్పలేని తిట్టు ఒకటి తిట్టాడు. కొస మాత్రం వదల్లేదు. కాసేపటికి మళ్లీ తిప్పడం మొదలెట్టాడు. మంగమ్మ నా చెయ్యి వదిలింది.

ఆయన తర్వాత ఒకసారి తప్పాడు, ఎవరిదో పెళ్లిలో. మళ్లీ మా దగ్గరే పడ్డాడు. లేచాక తనంతట తనే పాకకి వెళ్లాడు. నాకు అమలాపురం బదిలీ అయ్యేనాటికి పడవల పని చేసుకుంటున్నాడు. అంతవరకే నాకు తెలుసు.

అంతకు ముందు రోగిని పంపేటప్పుడు మందులు, పథ్యం చెప్పి ఊరుకునేదాన్ని. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తాగుడు రోగుల్ని ఒక్క మాట అదనంగా అడిగాను: సాయంత్రం పూట నీ పక్కన ఎవరుంటారు? చాలామందికి జవాబు ఉండేది కాదు. వాళ్లు మళ్లీ వచ్చేవారు, నేను దుప్పటి మార్చి మంచం వేసేదాన్ని. జవాబు ఉన్నవాళ్లలో కొందరు మళ్లీ రాలేదు.