రెండు రేడియేటర్ల మధ్య మా మరిది

మా చెల్లెలి మొగుడికి కళ్ళద్దాల దుకాణం ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అతని పని ఒకటే. ఎదుటివాళ్ళ ముక్కు మీద ఇనప చట్రం ఒకటి తగిలించి, అందులో అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడం. వచ్చినవాళ్ళు ఏదో ఒకటి తేల్చి చెప్తారు. దాన్నిబట్టి అద్దాలు చేయించి ఇస్తాడు. మా వీధిలో సగం ముక్కుల మీద ఉన్నవి అతనిచ్చిన అద్దాలే. నా ముక్కు మీదవీ అవే. పనికి వంక పెట్టడానికి లేదు. ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

ఆ ప్రశ్నే ఎవరైనా తిప్పి అతన్ని అడిగితేనే వస్తుంది చిక్కంతా. గొడుగు కొంటానని వెళ్ళి, వాన వెలిశాక ఉత్త చేతులతో తిరిగొచ్చిన మనిషి. నల్లది మన్నుతుందట, నీలంది తేలికట. బట్టల షాపువాళ్ళు ఇతను మెట్లెక్కుతుంటే చూసి, ఒకళ్ళ వెనక ఒకళ్ళు టీ తాగడానికి లేచిపోతారు. మా చెల్లెలు ఇంట్లో అతన్ని ఏదీ అడగదు. "అన్నమా, చపాతీనా అని అడిగితే ఆ పూట పస్తే అక్కా" అంటుంది.

ఇలాంటివాడు రెండు సంగతులు మాత్రం చూస్తూనే తేల్చేసుకున్నాడు. ఒకటి మా చెల్లెలు. విరిగిన కళ్ళజోడు కాడ అతికించుకోవడానికి దుకాణానికి వెళ్ళింది. కాడ అతుక్కునే లోపు ఇతనే అతుక్కుపోయాడు. రెండోది ఎర్ర కారు.

కారంటే నలుగురు ఎక్కేది అనుకునేరు. కాదు. పందేల్లో పరిగెత్తడానికి చేసిన రకం. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. అందులో కూర్చోవడమంటే చాప మీద చతికిలబడినట్టే. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి. ఎవరో వాడి వాడి వదిలేసిన పాత బండిని కొనుక్కొచ్చి, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో దాన్ని తుడిచేవాడు. ఆదివారం వస్తే మా చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటి కొండ రోడ్డు మీద తిప్పుకొచ్చేవాడు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి సంసారాలు వాళ్ళు చేసుకుంటున్నారు కాబట్టి మూడో సీటు కావాలన్నవాళ్ళు లేరు. నన్ను రమ్మని అనలేదా అంటే అనేవాడు, ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పేవాడు కాదు.

ఒక ఆదివారం ఎండలో, ఆ కొండ ఎక్కుతుండగా కారు ముందు నుంచి పొగలు లేచాయి. ఇంజన్ వేడిని నీళ్ళు మోసుకొచ్చి, ముందు వైపు జల్లెడలా ఉండే రేడియేటర్లో చల్లారబెట్టుకుంటాయి. ఆ జల్లెడే పూడుకుపోయి, పగిలి, నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. మా మరిది బానెట్ ఎత్తి, చేతిలో ఉన్న పేపరుతో దానికి విసురుతూ నిలబడ్డాడు. మా చెల్లెలు చాలాసేపు చూసింది. అతను తలెత్తలేదు. ఆవిడ నడక మొదలుపెట్టింది, అప్పుడూ ఎత్తలేదు. ఒక్కతే ఆ ఎండలో ఇంటి దాకా నడిచొచ్చింది. ఇతను సాయంత్రం, కారును లాగే బండిలో డ్రైవరు పక్కన కూర్చుని దర్జాగా దిగాడు.

"ఆ సీట్లో ఇక ఎవర్ని కూర్చోబెట్టుకుంటారో కూర్చోబెట్టుకోండి. నేను మాత్రం ఎక్కను" అందావిడ.

మా ఇంట్లో ఆడవాళ్ళు ఒక మాట అన్నారంటే అన్నట్టే. ఆ మాట మీద ఎంతమంది మొగుళ్ళు తలలు బాదుకున్నారో నాకు తెలుసు.

ఆవిడ మామూలుగానే వండింది, వడ్డించింది, మాట్లాడింది. ఆదివారం వచ్చేసరికి మాత్రం పుస్తకం తీసుకుని పైవాటాలో ఉన్న నా దగ్గరికొచ్చి కూర్చునేది. అతను కింద ఒక్కడే తిరుగుతుండేవాడు. తుడవడానికి కారు కూడా లేదు, అది మెకానిక్ షెడ్డులో ఉంది. బీరువా తుడిచాడు. కిటికీలు తుడిచాడు. నా చెప్పుల స్టాండు కూడా తుడిచాడు, అది బాగానే ఉంది. అతని బాధల్లా ఒకటే, ఆవిడ మళ్ళీ ఆ పక్క సీట్లో కూర్చోవాలి. కొత్త రేడియేటర్ పడితే కూర్చుంటుందని గట్టి నమ్మకం.

అయితే ఆ కారుకు కంపెనీవాళ్ళు చేసే రేడియేటర్ ఎప్పుడో ఆగిపోయిందట. బయటివాళ్ళు చేసినవే దిక్కు. అందులో రెండు రకాలు. ఒకటి చవకది: మధ్యలో జల్లెడ అల్యూమినియం, రెండు వైపులా నీళ్ళ డబ్బాలు ప్లాస్టిక్. రెండోది మూడింతలు ఖరీదు: ప్లాస్టిక్ ముక్క లేకుండా మొత్తం అల్యూమినియమే, అతుకులన్నీ వెల్డింగు.

"ఏది మంచిది?" అని షెడ్డు మేస్త్రీని అడిగాడు.

"రెండూ మంచివే సార్. మీ ఇష్టం" అన్నాడతను.

మా మరిదిని చంపదలుచుకున్నవాడికి కత్తి అక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు.

అప్పటి నుంచి నాకు పీడకలే. నా టీ చల్లారిపోయేది, రేడియేటర్లు చల్లారేవి కావు.

"ప్లాస్టిక్ వేడికి పెళుసెక్కి పగులుతుంది వదినా."

"అయితే ఖరీదుదే కొను."

"దాని జల్లెడ మరీ దట్టమట. నెమ్మదిగా పోతుంటే గాలి దూరదంటున్నారు."

"అయితే చవకది కొను."

"పగిలితేనో?"

"అయితే ఎద్దుబండి కొను నాయనా! వేడెక్కితే గడ్డి వేద్దువుగాని."

నవ్వడు. తల గోక్కుంటూ "ఎద్దుబండా..." అని ఒక క్షణం ఆలోచించాడు కూడా.

ఇంట్లో తేలక, ఈ బాధ దుకాణానికి మోసుకెళ్ళాడు. నా అద్దాలు బిగించుకోవడానికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. ఒక పెద్దాయనకు ఇనప చట్రం తగిలించి, అక్షరాల పట్టిక చూపించడం మానేసి, ఫోన్లో బొమ్మలు చూపిస్తున్నాడు.

"ఇది బాగుందా, ఇది బాగుందా?"

"రెండోది కాస్త నలుపుగా ఉంది బాబూ."

"అంచులు ప్లాస్టిక్ కదండీ."

"నా కంట్లో ప్లాస్టిక్ ఎక్కడిది?" అని ఆ పెద్దాయన హడలిపోయి కుర్చీలోంచి లేచాడు. ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టడానికి నేను మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ, గుమ్మంలో ఇరుక్కుంటూ నా వాటాలోకొచ్చాడు. ఖరీదుదే కొన్నాడు.

"మీ చెల్లెలికి చెప్పకండి. బిగించాక చెప్దాం."

పెట్టె విప్పితే తళతళా మెరిసిపోతోంది. నా మొహం అందులో కనిపించింది, అద్దంలో కన్నా నయంగానే ఉంది. "కొలతలు చూశావా?" అని అడిగాను. అతనికి కోపం వచ్చింది. జేబులోంచి, కళ్ళ మధ్య ఎడం కొలిచే చిన్న స్కేలు తీసి చూపించాడు. దాంతో పాతదాన్ని అడ్డంగా, నిలువుగా వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి మరీ కొన్నాడట.

మర్నాడు పెట్టె ఒడిలో పెట్టుకుని ఆటోలో షెడ్డుకు బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. నాకేం పనని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

మేస్త్రీ ఆ రేడియేటర్ను కారు ముక్కులో దించాడు. అడ్డం సరిపోయింది. నిలువు సరిపోయింది. మా మరిది నా వంక చూసి కళ్ళెగరేశాడు. తర్వాత మేస్త్రీ ఇంజన్ ముందుండే ఫ్యాన్ను చేత్తో తిప్పాడు. అది కర్రుమని కొత్త జల్లెడకు గీసుకుని ఆగిపోయింది.

"ఇది లావు సార్. పాతదానికి రెట్టింపు మందం. ఫ్యాన్ తిరగదు."

"లావా? ఖరీదుది లావుగా ఎందుకుంటుంది?" మా మరిది నిజంగానే నోరెళ్ళబెట్టాడు.

"ఖరీదుది కాబట్టే సార్. ఎక్కువ నీళ్ళు పట్టాలి కదా. మందం కొలవలేదా?"

అతను కొలవలేదు. ఎందుకు కొలుస్తాడు? అతని దుకాణంలో డబ్బు పెరిగేకొద్దీ అద్దం పల్చబడుతుంది. సోడాబుడ్డి అద్దాలు వద్దనుకున్నవాళ్ళే ఎక్కువ పోసి పల్చటివి చేయించుకుంటారు. ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పి చెప్పి, లోకంలో ఖరీదైన వస్తువన్నాక సన్నగానే ఉంటుందని అతని బుర్రలో పడిపోయింది. ఆ మాట చెప్తే మేస్త్రీ పానా కింద పడేసి, కారు పట్టుకుని నవ్వాడు. నేను పైకి నవ్వలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఈ ఫ్యాన్ పీకేసి పల్చటి కరెంటు ఫ్యాన్లు పెట్టుకోవచ్చు. లేదా ఇది వెనక్కిచ్చేసి చవకది తెచ్చుకోవచ్చు. రెండూ..."

"రెండూ మంచివేనని అన్నావంటే ఆ పానాతో నిన్నే బిగిస్తాను" అన్నాను నేను.

మా మరిది పాత టైరు మీద కూలబడ్డాడు. చేతులకు నల్లటి మడ్డి అంటుకుంది, చూసుకోలేదు. "అమ్మేస్తాను వదినా. నాకు చేతకాదు. ఇది మళ్ళీ ఆగిపోతే ఆవిడ జన్మలో ఎక్కదు. ఏది పెడితే ఆగదో ఎవరూ చెప్పరు" అన్నాడు. అప్పటిదాకా ఆటపట్టిస్తున్నదాన్ని, కాస్త తగ్గాను.

"కారు ఆగినందుకా అది ఎక్కనన్నది?"

"మరి?"

అలా అడిగేసరికి నాకు మతిపోయింది. ఇన్నాళ్ళూ తెలిసే నాటకమాడుతున్నాడనుకున్నాను. ఇతనికి నిజంగానే తెలియదు.

"కారు ఆగితే దానికి విసురుతూ నిలబడ్డావు. నీ పెళ్ళాం ఎండలో ఒక్కతే నడిచి పోతుంటే తలెత్తి చూశావా? ఇంటికొచ్చాకైనా, ఎలా వచ్చావే అని అడిగావా? నువ్వు వెండి రేడియేటర్ పెట్టించినా, బంగారంది పెట్టించినా అది ఆ సీట్లో ఎందుకు కూర్చుంటుంది?"

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. మేస్త్రీ అవసరం లేకపోయినా వెళ్ళి ఏదో తలుపు తుడిచాడు.

కాసేపటికి మా మరిది లేచి, "ఈ బండితో నేను పందేలకు పోను. ఆదివారం పూట కొండ దాకా, అంతే. చవకది సరిపోతుందా?" అని అడిగాడు.

"నీళ్ళు చూసుకుంటూ ఉంటే కొన్నేళ్ళు వస్తుంది సార్. ఆ ప్లాస్టిక్ ఎప్పటికైనా పగిలేదే. అసలు ఆగదని మాత్రం నేను చెప్పలేను."

"నేనూ అద్దాలిచ్చి, చూపు ఇక తగ్గదని చెప్పను కదా" అన్నాడు. "చవకదే వెయ్యండి."

గొడుగు కొనలేని మనిషి! నేను నమ్మలేక ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. అదే మాట చెప్పాడు.

ఖరీదుదాన్ని అమ్మినవాళ్ళు, దాని మీద పడ్డ గీత చూపించి, సణిగి సణిగి సగం ధరకు వెనక్కి తీసుకున్నారు. కారు బాగై ఇంటికొచ్చింది. శనివారం సాయంత్రం మా చెల్లెలు వంటింట్లో బఠాణీలు వలుస్తోంది. నేను పక్కనే ఉన్నాను, సాయం చెయ్యడానికి కాదు. అతను గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"చవక రేడియేటర్ వేయించాను."

"చవకదా? అంటే నా ప్రాణం అంత చవకైందన్నమాట."

నేనైతే పప్పు గరిటె అందుకునేదాన్ని. అతను తడబడలేదు.

"ఖరీదుది పట్టలేదు. ఇది మళ్ళీ ఆగినా ఆగొచ్చు. ఆగదని నేను చెప్పను. ఆగితే మటుకు కారు అక్కడే వదిలేసి నీతో నడిచొస్తాను. ఆ రోజూ రావాల్సింది. నువ్వు వెళ్ళడం కూడా నేను చూడలేదు."

మా చెల్లెలు వలిచిన కాయే మళ్ళీ వలిచింది. గిన్నెలో తొక్కలు పడ్డాయి, గింజలు బయటికి పోయాయి.

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా?"

"నాకు నిన్న మొన్నే తెలిసింది. వదిన చెప్పింది."

"అక్కకు అన్నీ కావాలి" అని నా మీద విరుచుకుపడింది. అది కోపం కాదని అర్థమై నేనూ ఊరుకున్నాను. "పొద్దున్నే బయల్దేరదాం. ఎండెక్కితే నేను నడవలేను" అంది అతనితో.

ఆదివారం నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను. చూడటానికి కాదు, అక్కడ గాలి బాగుంటుందని. ఎండ ముదిరేలోపే ఎర్ర కారు తనంతట తానే నడిచొచ్చి ఇంటి ముందు ఆగింది. అతను ఇటు తిరిగొచ్చి చెయ్యందిస్తే, మా చెల్లెలు లేచి బయటికొచ్చి, తిన్నగా నా వాటాలోకొచ్చి కుర్చీలో పడింది. మొహం గంటు పెట్టుకుని ఉంది.

"ఏమైంది? ఆగిందా?"

"ఆగితే బాగుండేది. దారి పొడుగునా ఆ వేడి చూపించే ముల్లు వంకే కళ్ళప్పగించి కూర్చున్నారక్కా. అది కదల్లేదు, ఆయనా కదల్లేదు. కొండ మీద నుంచి ఊరంతా కనిపిస్తోంది, చూడండి అంటే, మధ్యలోనే ఉంది, మధ్యలోనే ఉంది అంటారు. ఏంటయ్యా మధ్యలో అంటే, ముల్లు!"

కింద అతను నా కిటికీ వంక తలెత్తి, ఆవిడేమంటోందో వినబడక, నన్ను సైగతో అడుగుతున్నాడు.

"వచ్చే ఆదివారం ఆ ముల్లు మీద నా రుమాలు కప్పేస్తాను" అంది మా చెల్లెలు.

నేను కిటికీలోంచి వంగి, వచ్చే ఆదివారానికి కూడా నీళ్ళు చూసి పెట్టుకోమని అతనికి కేకేసి చెప్పాను.