ఇది అలక కాదు

బంగారుపేట రోడ్డులో స్కూటర్ మీంచి పడినప్పుడు హెల్మెట్ నా మోచేతికి వేలాడుతోంది. మా వైపు చాలామందికి అదే అలవాటు. పోలీసులు కనబడితేనే అది తలకెక్కుతుంది. తలలో రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేసి తీశారు.

కళ్లు తెరిచాక ముందు తమిళం వచ్చింది. అదీ చిన్నప్పుడు గని కార్మికుల లైను ఇళ్లలో నేర్చుకున్న తిట్లు. నర్సమ్మ నవ్వేసింది. తర్వాత అంగడిలో వాడే కన్నడం కొద్దికొద్దిగా వచ్చింది. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం సరిగా రాలేదు. భాషలన్నీ ఒకేసారి తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పారు. నా భార్యది టేకల్ దగ్గర తెలుగు పల్లె, ఆమెకు వేరే భాష రాదు. ఆమెతో మాట్లాడడానికి నాకున్నది తెలుగు ఒక్కటే.

ఆమె రెండు పనులు చెబితే మొదటిది మరిచిపోయేవాణ్ని. దువ్వెన అడగబోతే నోట్లోంచి "తాళం" వచ్చేది. తప్పని తెలిసేది. సరైన మాట తలుపు అవతలే ఉండేది, గడియ మాత్రం నా చేతికి అందేది కాదు. సిగ్గేసి నోరు మూసుకున్నాను.

మా ఇంట్లో నా మౌనానికి వేరే అర్థం ఉంది. కోపమొస్తే నేను అరవను, మాట్లాడడం మానేస్తాను. ఆమె వండింది ముట్టను. తన తప్పేమిటో తెలియకుండానే ఆమె బతిమాలేది. అది చూసి గెలిచాననుకునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం సంగటి, ఆకుకూర చారు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, ఫ్రెండ్సు వస్తే అరవంలో మాట్లాడతావు. నా దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోతాదా? మళ్లా కోపమా నామీద?"

కాదని చెప్పబోయి "అవును" అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. "తల పగిలినా నీ బుద్ధి మారలే. ఇంగ నా చేత కాదప్పా. మా తమ్మున్ని పిలిపించి ఊరికి పోతా."

మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ "అవును" అనే వచ్చింది. ఆమె లేచి గదిలోకి నడిచింది. చీరలు సంచిలో కుక్కుతున్న చప్పుడు వినిపించింది.

కంచం దగ్గరికి లాక్కున్నాను. సంగటి తుంచి చారులో ముంచాను. సగం చొక్కా మీద పడింది. మళ్లీ తుంచి మింగాను. కంచం కదిలిన చప్పుడుకేమో, ఆమె గడప దాకా వచ్చి నిలబడింది.

"తింటా ఉండావే! అయితే కోపం లేదా?"

ఇంకో ముద్ద తుంచాను.

ఆమె చేతిలో చీర అలాగే ఉంది. వచ్చి కూర్చుని, కంచంలో ఇంకొంచెం చారు పోసింది.

"అట్ల పొడిగా తినకు, గొంతుకు అడ్డం పడతాది."